వియ్యపురాలి చేతిలో తల

మా వీధిలో ఏ ఆడమనిషి తల మీద ఎన్ని సుడులున్నాయో ఆమె మొగుడికి తెలియదు గానీ నాకు తెలుసు. తల నా చేతికిచ్చి కూర్చున్నాక ఎవరూ నా దగ్గర ఏమీ దాచలేరు. కిర్గిజ్ దేశంలో మా కరకోల్ ఊళ్ళో ఆడవాళ్ళ జుట్టు కత్తిరించే కొట్లు ఇప్పుడు సందుకొకటి వెలిశాయి. నేను మొదలుపెట్టినప్పుడు ఇన్ని లేవు. నా పేరు జిపార్. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అంటారు. అన్నవాళ్ళే మళ్ళీ వచ్చి నా కుర్చీలో కూర్చుంటారు కాబట్టి నేను పట్టించుకోను.

మాది పాతకాలపు చెక్క ఇల్లు, కిటికీ రెక్కలకి నీలం రంగు. వీధి గదిలో నా కొట్టు. ఒక కుర్చీ, ఒక అద్దం, తల కడిగే తొట్టి, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక బెంచీ, దాని పక్కన ఎప్పుడూ కుతకుతలాడే టీ నీళ్ళ సమొవార్. వీధి తలుపుకి చిన్న గంట కట్టాను, తెరిస్తే మోగుతుంది. గది వెనక వంటిల్లు, వంటింటి వెనక ఆపిల్ చెట్టున్న పెరడు, అక్కడో గుమ్మం. ఈ గొడవంతా ఆ రెండు గుమ్మాల మధ్య జరిగిందే.

కొట్టు నా చేతి పనితనంతో నిలబడిందని చాలాకాలం విర్రవీగాను. నిజానికి నిలబెట్టింది బురుల్చా అపా. పెద్దావిడ కాబట్టి వీధంతా అపా, అంటే పెద్దక్కా, అని పిలుస్తుంది. మా వీధిలో పెళ్ళైనా, పురుడైనా, మొగుడూ పెళ్ళాల తగువైనా ఆవిడ మాట లేకుండా తెమలదు. ఆవిడ మెడ మీద, జుట్టు మొదలయ్యేచోట, ఒక ఎదురు సుడి ఉంది. జుట్టు తడిపి తిన్నగా కత్తిరించారా, ఆరగానే అక్కడి వెంట్రుకలు పిట్ట తోకలా పైకి లేస్తాయి. ఎన్ని కొట్లు తిరిగినా ఆ తోక అణగలేదట. నా దగ్గరికి వచ్చిన రోజు నేను ఆవిడ తల తడపలేదు. పొడి జుట్టు మీదే పని చేసి, ఆ ఒక్కచోట కాస్త పొడుగు వదిలి, దాని బరువుకి అదే అణిగి ఉండేలా కత్తిరించాను. ఆవిడ చేతి అద్దం వెనక్కి పట్టుకుని అటూ ఇటూ చూసుకుంది. మెచ్చుకోలేదు, ఆవిడకి ఆ అలవాటు లేదు. మర్నాడు తోడికోడల్ని, మందుల కొట్టు లీదాని, బజార్లో చల్లటి పుల్లటి సేమ్యాల వంటకం అష్ల్యన్‌ఫూ అమ్మే జుహ్రాని వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్ళు ఇంకొందరిని తెచ్చారు.

వచ్చినవాళ్ళని నిలబెట్టుకోవడం మాత్రం నా చేతిలో పనే. లీదాకి కబుర్లు గిట్టవు, ఆమె కళ్ళు మూసుకుంటే నేను నోరు మూసుకుంటాను. జుహ్రాకి పొద్దున్నుంచీ బజార్లో అరిచి అరిచి గొంతు పోయి ఉంటుంది, ఆమె బదులు నేను మాట్లాడతాను. ఎవరైనా మొగుడితో పోట్లాడి వచ్చి ‘మొత్తం కోసి పారెయ్ అక్కా’ అంటే కత్తెర ముట్టను. ముందు టీ పోస్తాను. రెండో కప్పు అయ్యేసరికి ‘కొసలు చాలులే’ అంటారు. ఆ టీ పొయ్యని కొట్టుకి ఆ మనిషి మళ్ళీ వెళ్ళదు. కోపంలో పోయిన జుట్టుకి తిట్లు తినేది మొగుడు కాదు, కత్తిరించినావిడే.

నాకున్న ఒకే ఒక్క గండం మా మరిది తాలాయ్. అత్తగారు పోతూ ఇల్లు అన్నదమ్ములిద్దరికీ ఉమ్మడిగా వదిలింది. మా ఆయన లారీ ఎక్కితే ఎప్పుడు దిగుతాడో ఆయనకే తెలియదు. తాలాయ్ బజార్లో ఇనప పెట్టెలాంటి కొట్లో ఫోన్లు బాగు చేస్తాడు, చలికాలం అందులో వేళ్ళు కొంకర్లు పోతాయి. నా వీధి గది మీద అతని కన్ను ఎప్పటినుంచో ఉంది. “కొట్టు నడిచినన్నాళ్ళూ నోరెత్తను వదినా. కుర్చీ ఖాళీగా కనపడితే మాత్రం గది నాది” అని మా ఆయన ముందే మాట తీసుకున్నాడు. కుర్చీ ఎన్నడు ఖాళీగా ఉంది గనకా అని నేను నవ్వి ఊరుకున్నాను.

బురుల్చా అపా కొడుకు ఎర్మెక్, మా ఊరి దగ్గర సరస్సుకి అవతలి ఒడ్డు పల్లె నుంచి బేగాయిమ్ అనే పిల్లని చేసుకున్నాడు. బంగారంలాంటి పిల్ల. తండ్రి లేడు. తల్లి కలీపాకి ఆ పిల్ల తప్ప ఇంకెవరూ లేరు. అందుకని కూతురికి దగ్గరగా ఉండాలని గొర్రెల్ని అమ్మేసి, రాజధాని బిష్కెక్ వెళ్ళి నాలుగు రోజులు ఏదో శిక్షణ తీసుకుని, మా వీధిలోనే, నాకు ఎదురు వరసలో, జుట్టు కత్తిరించే కొట్టు పెట్టింది. పెట్టుకుంటే పెట్టుకోనీ, ఎవరి సుడి వాళ్ళది అనుకున్నాను.

పెళ్ళి విందులో వచ్చింది తంటా. మా బల్ల దగ్గర అపా తోడికోడలు నోరు నొక్కుకుంటూనే అందరికీ వినపడేలా అంది: “నిన్నటిదాకా గొర్రెల ఉన్ని కత్తిరించిందట. ఇవాళ మన తలల మీదికొచ్చింది.”

బల్లంతా ఘొల్లుమంది. పక్క బల్ల దగ్గర కలీపా గిన్నెలో మాంసం ముక్కని అలా చూస్తూ ఉండిపోయింది. తెల్ల ముసుగులో కూతురు తల వంచుకుంది. బురుల్చా అపా ఇదంతా చూసింది. అప్పుడే దీవెనలు చెప్పే వంతు ఆవిడకి వచ్చింది. మైకు తీసుకుంది.

“అల్లుడు నూరేళ్ళ చుట్టం, వియ్యాలవారు వెయ్యేళ్ళ చుట్టం అన్నారు పెద్దలు. పిల్లలు చల్లగా ఉండాలి, ఇల్లు నిండాలి. నా కోడలు తలెత్తుకు తిరగాలి. ఇంకో మాట. ఇవాళ్టి నుంచి నా తల మా వియ్యపురాలి చేతిలో పెడుతున్నా. నా తల మీద ఇంకొకళ్ళ కత్తెర పడదు. మా వీధి ఆడవాళ్ళందరి మాటా ఇదే.”

హాలంతా అరచేతులు చాపి, మొహం మీదుగా దించి, మా ముసల్మానుల తథాస్తు అయిన ఓమీన్ అంది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. అందులోనూ దీవెనలో జారిన నోరు, మీద ఓమీన్ పడ్డ మాట. అది ఇక రాతి మీద గీతే. నా కొట్టు మూతపడే దీవెనకి నేను కూడా చేతులు చాపి ఓమీన్ అన్నాను. అలవాటు, ఏం చెయ్యను. చేతులు మొహం మీదికి వచ్చాక గానీ ఆవిడ ఏమందో నా బుర్రకెక్కలేదు.

ఆ మర్నాటి నుంచి నా తలుపు గంట మోగలేదు. కిటికీలోంచి చూస్తూ ఉండేదాన్ని. లీదా ఎదురు వరస వైపు నుంచే నడిచి పోయేది. జుహ్రా నా కిటికీ వైపు చూడకుండా మెడ తిప్పుకుని పోయేది, మెడ పట్టేసినట్టు. అపా మాట దాటితే వీధిలో ఉండగలరా? వాళ్ళ మీద కోపం లేదు. అపా మీద మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంతకాలం ఆవిడ మెడ మీద తోకని కళ్ళలో పెట్టుకుని కాపాడింది నేను. ఒక్క మాటతో నన్ను వీధిలో పెట్టింది.

తాలాయ్ రోజూ వచ్చి బెంచీ మీద కూర్చుని ఖాళీ కుర్చీని చూసేవాడు. “మొదటి మంచు పడేదాకా చూస్తా వదినా. ఆ తర్వాత నా వేళ్ళు పనిచెయ్యవు. పడ్డ రోజే బల్ల తెచ్చి ఇక్కడ వేసుకుంటా. అన్నయ్య కూడా సరేనన్నాడు” అన్నాడు. చెడ్డవాడు కాదు. కళ్ళు దించుకునే చెప్పాడు.

ఒక మధ్యాహ్నం వంటింట్లో పిండి కలుపుతుంటే పెరటి తలుపు మీద ఎవరో గోటితో గీకారు. పిల్లేమో అనుకున్నాను. తీస్తే బురుల్చా అపా. ఎండ ఫెళ్ళున కాస్తుంటే నెత్తికి ఉన్ని శాలువా చుట్టుకుని ఉంది.

“జరుగు జరుగు, ఎవరన్నా చూస్తారు” అంటూ నన్ను నెట్టుకుని లోపలికొచ్చింది.

“దారి తప్పారా అపా? మీ వియ్యపురాలి కొట్టు ఎదురు వరసలో కదా” అన్నాను.

“నీ జిమ్మడ, పుల్ల విరుపులు తర్వాత. ముందు ఇది చూడు.”

శాలువా తీసింది. ఎంత కోపంలో ఉన్నా నాకు నవ్వాగలేదు. మెడ మీద తోక లేవడం కాదు, నిక్కబొడుచుకుని ఆకాశం కేసి చూస్తోంది. చుట్టూ మెట్లు మెట్లుగా కత్తిరింపు. గొర్రె ఉన్నికైతే అది ఎంతో వాటమైన పని.

“నవ్వు. నవ్వుకో. మా ముసలాయన రాత్రి నుంచీ నన్ను కోడిపుంజా అని పిలుస్తున్నాడు.”

“ఇంకొకళ్ళ కత్తెర పడదన్నారుగా. ఓమీన్ కూడా అనిపించారు.”

“అన్నాను. అన్నానే. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళ గురించి అన్నాను. వంటింటి పీట గురించి నేనేం అనలేదు. ఇదిగో, పీట మీదే కూర్చున్నాను, కానీయ్.”

“నా కొట్టు మూతపడుతోంది, తెలుసా మీకు?”

పీట మీద ఆవిడ చిన్నదైపోయినట్టు కనిపించింది. “తెలుసు. తెలియదనుకున్నావా. ఏం చెయ్యనే? ఆ పిల్ల మొహం చూశావు కదా ఆవేళ. తల్లిని చూసి నవ్వితే ఆ పిల్ల నా ఇంట్లో ఎలా బతుకుతుంది? నా నోరు ఊరుకోలేదు. ఆవిడ మనసు కష్టపెట్టలేను, నిన్ను వదల్లేను. ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది నా పని. కావాలంటే నన్ను తిట్టు. కానీ ఈ తోక మాత్రం దించు.”

తిడదామనే అనుకున్నాను. అలా వదిలేస్తే ఏమవుతుంది? అపా నాలుగు రోజులు పుంజులా వీధిలో తిరిగితే చాలు, అందరికీ కలీపా చేతి సంగతి తెలిసిపోతుంది, నా గంట మళ్ళీ మోగుతుంది. నా గది నాకు మిగులుతుంది. కత్తెర చేతిలో పట్టుకుని ఇంత దూరం ఆలోచించాను. ఈలోగా ఆవిడ మెడ వంచింది, ఎప్పటిలాగే, నేను చెప్పకముందే, సుడి నా బొటనవేలికి అందేలా. ఆ మెడ చూశాక నా వల్ల కాలేదు. పొడుగు వదిలే వీలు లేదు కాబట్టి తోకని మొదలంటా సన్నం చేసి, పైనున్న జుట్టు దాని మీదికి వాలేలా సర్దాను. మెట్లు కలిపేశాను. లేచేసరికి పదేళ్ళు చిన్నదైంది. చేతి అద్దంలో చూసుకుని ఎప్పటిలాగే మెచ్చుకోకుండా శాలువా చుట్టుకుని వెళ్ళిపోయింది.

దాని ఫలం మూడో రోజున తెలిసింది. రొట్టెల బండి దగ్గర ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. అపా తల చుట్టూ తిరిగి చూస్తున్నారు. “చూశావా, పల్లెటూరిదని నవ్వాం గానీ కలీపా చెయ్యి ఎంత మంచి చెయ్యో” అంటోంది ఆ తోడికోడలే. అపా తేలు కుట్టిన దొంగలా నోరు మెదపలేదు. నా కత్తెరతో నా కొట్టుకే గుండు కొట్టుకున్నాను. ఆ సాయంత్రం నుంచి పక్క వీధివాళ్ళు కూడా కలీపా దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టారు.

వెళ్ళినవాళ్ళ తలలు ఏమయ్యాయో వేరే చెప్పాలా? వారం తిరక్కుండా పెరటి తలుపు మీద మళ్ళీ గోటి చప్పుడు. ఈసారి లీదా. నుదుటి మీద జుట్టు ఒక పక్క కనుబొమ్మ దాకా, ఇంకో పక్క నెత్తి దాకా ఉంది. “అపాకి చెప్పకు. ఆవిడ వియ్యపురాలి చేతిని తప్పు పట్టినట్టు ఉంటుంది. మందులు కొనేవాళ్ళు నా మొహం చూసి తమ జబ్బు మర్చిపోతున్నారు” అంది. ఆమె అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం అదే మొదలు. కళ్ళు మూసుకుంది, నేను సర్దాను. తర్వాత జుహ్రా వచ్చింది. ఆమెదీ అదే పాట, అపాకి చెప్పొద్దని.

“అంత పాడు చేస్తుంటే మళ్ళీ మళ్ళీ ఎందుకెళ్తున్నారే?” అన్నాను.

“అపా మాట ఒకటి. ఇంకోటి చెప్తే కోప్పడవు కదా? ఆవిడ తల కడుగుతుంది చూడు జిపార్, ఆ వేళ్ళకి నిద్రొచ్చేస్తుంది. మా అమ్మ పోయాక నా తల అలా ఎవరూ ముట్టుకోలేదు. లేచి అద్దం చూసుకున్నాకే ఏడుపు.”

ఒకరోజు జుహ్రా తల సగంలో ఉండగా మళ్ళీ గోటి చప్పుడైంది. అపా గొంతు. జుహ్రా మెడకి కట్టిన బట్టతోనే లేచి బొగ్గుల గదిలోకి దూరింది. అపా పీట మీద కూర్చుని “మన వాళ్ళందరికీ కలీపా చెయ్యి కుదిరింది, ఒక్క నాకే ఈ తోక వల్ల కుదరట్లేదు. ఎవరితోనూ అనకు” అంది. బొగ్గుల గదిలో జుహ్రా దగ్గు వినిపించింది. పిల్లి అన్నాను. పిల్లి మళ్ళీ దగ్గింది. దానికి జలుబు చేసిందన్నాను. వీధిలో అందరి గుట్టూ నా కడుపులో పెట్టుకుని, వీధి గదిలో ఖాళీ కుర్చీ పెట్టుకుని కూర్చున్నాను.

కత్తిరించిన జుట్టు మేం బయట పారెయ్యం. పిట్ట తీసుకుపోయి గూడు కట్టిందంటే ఆ మనిషికి తలనొప్పి తగ్గదు. సంచిలో పోసి ఆపిల్ చెట్టు కింద పాతిపెడతాను. తాలాయ్ ఒకరోజు వంటింట్లో ఆ సంచి చూశాడు.

“ఎవరూ రాని కొట్లో ఇంత జుట్టెక్కడిది వదినా?”

అప్పుడు ఒక్క మాట చెబితే గది నాకు దక్కేది. చెప్పానా, సాయంత్రానికి బజారంతా తెలుస్తుంది. అపా మాట తప్పిందంటారు, కలీపా చేతిని చూసి నవ్వుతారు, ఆ పిల్ల మళ్ళీ తల వంచుకుంటుంది.

“నాదే. దిగులుతో ఊడిపోతోంది” అన్నాను.

“నలుపు, తెలుపు, ఎరుపు కూడా ఉన్నాయే.”

“రకరకాల దిగుళ్ళు.”

అతను తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఆ ఏడు మంచు తొందరగా వచ్చింది. తెల్లారి లేచేసరికి కొండలు, చెట్లు, మా కిటికీ రెక్కలు అన్నీ తెల్లగా ఉన్నాయి. సమొవార్ వెలిగించి కుర్చీ తుడిచాను. తుడిచి తుడిచి ఇక తుడవడానికేం లేక అందులో నేనే కూర్చున్నాను. ఏడుపు వస్తే రానిద్దామనుకున్నాను, అది కూడా రాలేదు. తాలాయ్ టేపు పట్టుకుని వచ్చి, నన్ను చూసి, “నిదానంగా కొలుచుకుంటాలే” అని కిటికీ వైపు వెళ్ళాడు.

పెరటి తలుపు మీద చప్పుడైంది. గోరు కాదు. వేళ్ళ కణుపులతో, మర్యాదగా. తీస్తే కలీపా. బొచ్చు టోపీ చెవుల మీదికి లాక్కుని ఉంది. ఎంత ఒళ్ళు మండినా గుమ్మంలోకి వచ్చిన మనిషిని బయట నిలబెట్టలేం కదా. రమ్మన్నాను.

“మంచు పడింది” అంది. “మంచు పడితే మీ గది పోతుందని మా అమ్మాయి చెప్పింది. నిన్న రాత్రే తెలిసింది నాకు.”

“అయితే?”

టోపీ తీసింది. తన జుట్టు తనే అద్దంలో చూస్తూ కత్తిరించుకున్నట్టుంది. ఎడమ పక్క చెవి దాకా ఉంది, కుడి పక్క భుజం దాకా. “మీ దగ్గరికి రావడానికి ఏదో ఒక వంక ఉండాలి కదా అక్కా” అంది.

పీట ముందుకు జరిపాను.

“వదినగారి తోక లేచిందని నాకు తెలుసు” అంది కలీపా. “నేనే లేపాను. మూడో రోజు వాళ్ళింటికి భోజనానికి వెళ్తే తోక లేదు. నేను కత్తిరించి పంపిన జుట్టు నాకు తెలియదా? ఎవరో నా తప్పుని నాకే కనపడకుండా కప్పారు. లీదాగారి నుదురూ అంతే. మొదట్లో ఇంటికెళ్ళి ఏడ్చాను. తర్వాత సిగ్గు మానేసి, మీరు సర్దిన తలలు మళ్ళీ నా చేతికొచ్చినప్పుడు పాయ పాయ తీసి చూడటం మొదలుపెట్టాను. మీరేం చేశారో, ఎందుకు చేశారో చూసేదాన్ని. గొర్రెల ఉన్ని కత్తిరించాననేది నిజమే. గొర్రె అద్దంలో చూసుకోదు కదా. అదొక్కటే తేడా వచ్చింది.”

“ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?”

“కొట్టు మూస్తే మా అమ్మాయి ఆ ఇంట్లో ఎవరి కూతురవుతుంది? అందరూ నవ్విన మనిషి కూతురు. ఆ భయమే నా నోరు కట్టేసింది. మీ గది పోతుందని తెలిస్తే ఆ భయం కూడా చిన్నదైపోయింది.”

వీధి గదిలోకి తీసుకెళ్ళాను. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. నా తల కేసి చూస్తోంది. నా జుట్టు నేను ముడి వేసి పిన్ను గుచ్చుతాను, అంతే. కత్తెర పట్టినదాని తల పట్టించుకునే నాథుడెవడు?

“ముందు మీ తల కడగనా?” అంది.

వద్దన్నాను. వద్దంటూనే తొట్టి దగ్గర కూర్చున్నాను. ఆ వేళ్ళు చెవుల వెనక నుంచి పైకి వెళ్తుంటే జుహ్రా మాట నిజమని తెలిసింది. మా అమ్మ గుర్తొచ్చింది. ఇందాక రానన్న ఏడుపు అప్పుడు వచ్చింది. నీళ్ళ చప్పుడులో కలీపాకి వినపడలేదనుకున్నాను. వినపడే ఉంటుంది. ఇంకో చెంబు వేడినీళ్ళు పోసింది అంతే. ఇన్నాళ్ళుగా నేను తిట్టుకుంటున్న మనిషి ఇంత మంచిదని ఎవరైనా ముందే చెప్పొచ్చు కదా అని దాని మీద కూడా కోపమొచ్చింది.

తర్వాత నేను ఆమె తల పట్టాను. రెండు పక్కలా సమం చేసి, మెడ దగ్గర గుండ్రంగా తిప్పాను. మంచి ఒత్తు జుట్టు, చెప్పిన మాట వింటుంది. అయ్యాక బట్ట దులిపి, అలవాటుగా, “పెరటి గుమ్మం అటు” అన్నాను.

“తెలుసు. నాకు గంట మోగే గుమ్మం కావాలి” అంది.

టోపీ చేత్తో పట్టుకుని వీధి తలుపు తీసింది. గంట మోగింది. తాలాయ్ ఉలిక్కిపడి తల తిప్పాడు. నేను చెప్పులతోనే మంచులోకి ఆమె వెనక పరిగెత్తాను. వద్దు, ఇది బయటపడితే నీ కూతురికే నష్టం అని చెబుదామని. ఆమె అప్పటికే వీధి దాటింది. తందూర్ నుంచి రొట్టెలు దిగే వేళ. బండి దగ్గర బురుల్చా అపా, తోడికోడలు, లీదా, ఇంకా నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. అపా పక్కన బేగాయిమ్ సంచి పట్టుకుని ఉంది. అందరి కళ్ళూ కలీపా తల మీదికి వెళ్ళాయి, తర్వాత ఆమె వచ్చిన గుమ్మం మీదికి.

“బాగా కుదిరింది” అంది తోడికోడలు సాగదీస్తూ. “ఎవరు కత్తిరించారేమిటి?”

“జిపార్ అక్క” అంది కలీపా. “వదినగారూ, పదిమందిలో మీ తల నా చేతిలో పెట్టారు. నా కూతురి మొహం చూసి పెట్టారు. ఆ మాట బతికినంత కాలం మరిచిపోను. దీవెనలో ఇచ్చినది ఇచ్చినవాళ్ళు వెనక్కి తీసుకోకూడదు. పుచ్చుకున్నదాన్ని నేను, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నా ఇష్టం కదా. ఇవాళ నా తల తీసుకెళ్ళి జిపార్ అక్క చేతిలో పెట్టాను. నా తలే ఆమె చేతిలో ఉంటే, నా చేతిలో ఉన్న మీ తల ఎవరి చేతిలో ఉన్నట్టు?”

తోడికోడలు ఏదో అనబోయింది. బేగాయిమ్ సంచి కింద పెట్టి, తల్లి పక్కకి వచ్చి నిలబడి, అత్తగారి పక్కన నిలబడ్డ అందరి మొహాలూ చూసింది. ఆ పిల్ల తల వంచుకోలేదు. తోడికోడలు నోరు మూసుకుంది.

బురుల్చా అపా రొట్టె చంకలో ఇరికించుకుంది. అరచేతులు చాపింది. మొహం మీదుగా దించుతూ “ఓమీన్” అంది. లీదా క్రైస్తవురాలైనా అందరికంటే ముందు అందుకుంది.

ఓమీన్ చల్లారకముందే అపా శాలువా విప్పుకుంటూ వీధి దాటింది. ఆవిడ వెనక మిగతావాళ్ళు. నా తలుపు గంట ఎన్నిసార్లు మోగిందో, చివరికి ఎవరో తలుపు తెరిచే ఉంచేశారు. లోపల తాలాయ్ టేపు సగం లాగి నిలబడి ఉన్నాడు.

“ఏమిట్రా కొలుస్తున్నావు, నా మెడా?” అంది అపా.

“కిటికీ అపా.”

“కిటికీకి జుట్టు లేదు. పక్కకి జరుగు.”

అతను టేపు వదిలాడు, అది చర్రున లోపలికి పోయింది. బెంచీ నిండిపోవడం చూసి, నా వైపు తిరిగి, పోనీలే అన్నట్టు చెయ్యి ఊపాడు. పాపం ఆ చలికాలం అతని వేళ్ళకి ఉన్ని తొడుగులు నేనే అల్లి ఇచ్చాను.

అపా కుర్చీలో కూర్చుని మెడ వంచింది. సుడి నా బొటనవేలి కిందికి వచ్చింది. కత్తెర తీశాను. కళ్ళ నిండా నీళ్ళు, సుడి రెండుగా కనబడుతోంది.

అపా అద్దంలో నన్ను చూసింది. “వదినగారూ,” అంది కలీపాతో, “దీనికి ముందు టీ పొయ్యండి. ఈ కొట్టులో పద్ధతి అది. ఏడుపుతో కత్తెర పడితే నా చెవి పోతుంది.”

కలీపా సమొవార్ దగ్గరికి వెళ్ళి టీ పోసింది. రెండో కప్పు అయ్యేదాకా వాళ్ళందరూ నా కోసం కూర్చున్నారు.